కొండసీమ కథలకు పోషకులెవ్వరు?

ఒక సీమనుగూర్చి దొరతనమువారి దస్తరములు చాల సంగతులు చెప్పును. శిస్తెంత, అడవి హద్దెచ్చట, ఎవరిపై ఎవరు వ్యాజ్యము వేసిరి అనునవి యన్నియు వానిలో దొరకును. కాని ఆ సీమలో మనుష్యుడెట్లు బ్రతికెనో, దేనికి వగచెనో, దేనిని పాడుకొనెనో తెలుపునవి నవల, స్వీయచరిత్రము, కవిత్వము అను మూడే. వీనిని వ్రాయువారుండుట యొక యెత్తు. అచ్చొత్తించి పాఠకునికి చేర్చువారుండుట మఱియొక యెత్తు. ఈ రెండవ పనికి పూనుకొనువారెవ్వరను ప్రశ్న కోరాపుట్టు, రాయగడ మండలముల విషయమున నేడు మనకు ముఖ్యమైనది.

ఈ సీమ మనకు పరాయిది కాదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడువరకు ఇది చెన్నరాజధానిలో, విశాఖపట్టణ మండలముతో చేరియుండెను. అప్పుడు కోరాపుట్టు మండలమయ్యెను. 1992 అక్టోబరు 2న రాయగడ దానినుండి విడివడి వేఱు మండలమయ్యెను. హద్దులు మాఱినను మనుష్యులు కదలలేదు. జయపురము, రాయగడ, గుణుపురము బజారులలో తెలుగు నేటికిని వినబడుచున్నది. అయితే ఇంట తెలుగు మాటలాడి బడిలో ఒడియా చదువుకొను పిల్లలకు తెలుగక్షరము దూరమగుచున్నది. మాట నిలిచి అక్షరము పోయినచో ఆ కుటుంబముల జ్ఞాపకములు తాతలతోనే అంతరించును.

పూర్వము ఈ సీమలో గ్రంథపోషణము సంస్థానమువారి వంతు. 1931లో జయపుర సింహాసనమెక్కిన విక్రమదేవవర్మ మహారాజు తెలుగునను ఒడియానను పాండిత్యము గలవారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు మహాదాత. అచ్చటి విజ్ఞానశాస్త్ర కళాశాల వారి పేరనే వెలసినది. 1951లో వారు గతించిరి. జమీందారీలును ఆ వెనువెంటనే రద్దయ్యెను. వారి యౌదార్యము స్మరింపదగినదే. కాని ప్రభువు దయపై బ్రతుకు గ్రంథము ప్రభువునకు రుచింపని మాట చెప్పుట యరుదు. దివాణపు చలువలో ప్రబంధము పెరుగును. వెట్టివాని గోడు పెరుగదు.

వేఱొక మార్గమును చూపినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడిలో నుపాధ్యాయులుగా నుండి వారు సవరల భాష నేర్చిరి. ఆ భాషలో వాచకములు కూర్చిరి. సవర పిల్లలకు బడులు పెట్టించిరి. 1931లో వారి సవర వ్యాకరణము వెలువడెను. 1936లో మంగై గొమాంగో అను సవర తన భాషకు తానే 24 అక్షరముల లిపి కల్పించెను. తన మాటను తన చేతితో వ్రాసికొనవలెనను కోరిక కొండలపైనను పుట్టినదనుటకు ఇంతకన్న నిదర్శనమేల?

నవల విషయమున ఈ సీమకు కలిగిన భాగ్యము గోపీనాథ మహంతిగారు. ఉద్యోగరీత్యా కోరాపుట్టునకు వచ్చి, కొండవారి గుడిసెలలో కూర్చుండి వారి భాషలు విన్నవారు. 1945లో వెలువడిన ‘పరజ’ నవలలో సుక్రుజాని యను రైతు అడవిలో చెట్లు నఱికిన నేరమునకై జరిమానా చెల్లింప అప్పుచేసి, ఆ యప్పు తీర్చుటకై వెట్టివాడై, భూమిని, బిడ్డలను, తుదకు సహనమును కోల్పోవును. కోదుల జీవితమును చిత్రించిన ‘అమృతర సంతాన’ 1955లో సాహిత్య అకాడమీ బహుమానము పొందెను. పురిపండా అప్పలస్వామిగారు దీనిని తెలిగించిరి. ఈయన కొండవారి పక్షము వహించుచున్నాడని కోరాపుట్టు భూస్వాములును వడ్డీవ్యాపారులును 1953లో ప్రధాని నెహ్రూగారికి ఫిర్యాదు పంపుకొనిరి. గ్రంథకర్తకు అకాడమీ బహుమానముకన్న ఆ ఫిర్యాదే గొప్ప యోగ్యతాపత్రము.

ఇట్టి ఫిర్యాదులకు వెఱవని ప్రచురణకర్తలు మనకు కావలెను. రాజునకు గాని, ప్రభుత్వమునకు గాని, పాఠ్యపుస్తకముల బేరమునకు గాని లోబడనివారే స్వతంత్ర ప్రచురణకర్తలు. 1980లో స్థాపితమైన హైదరాబాదు బుక్ ట్రస్టు ఇట్టిది. అమెరికాలోని నీగ్రో బానిసల వంశకథను ‘ఏడు తరాలు’ అను పేర సహవాసిగారిచే తెలుగు చేయించి ఆ సంస్థ ఇంటింటికి చేర్చెను. మహాశ్వేతాదేవిగారి నవలలను, 2019లో మల్లు స్వరాజ్యముగారి ఆత్మకథను ప్రకటించెను. ఈ పనిలో లాభము స్వల్పము. పెట్టిన సొమ్ము గోదాములో ఏండ్ల తరబడి చిక్కుపడును. ఇక కవిత్వము తఱచుగా కవి సొంత ఖర్చుతోనే అచ్చగుచున్నది.

కొండవారి కథలతో తెలుగువారికేమి పనియని కొందఱడుగవచ్చును. కొండ సంతలలో కొనువారిలోను అమ్మువారిలోను, కచేరీలలోను, కంట్రాక్టులలోను మనవారెందఱో యున్నారు. ఆ కథలో మనమును పాత్రలమే. కనుక దానిని వినకుండుటకు మనకు హక్కులేదు. 2013లో సుప్రీముకోర్టు తీర్పు ననుసరించి నియమగిరి చుట్టునున్న 12 పల్లెలవారు సభలు చేసిరి. అందు 7 రాయగడ మండలములోనివి, 5 కలహండిలోనివి. బాక్సైటు త్రవ్వకము వలదని పండ్రెండు సభలును ఏకగ్రీవముగా చెప్పెను. కొండ తమకు దైవమని ఆ సభలలో పలికిన డొంగరియా కోదుల మాట నేటి కాలపు స్వీయచరిత్రమే. అది తెలుగు పాఠకుని బల్లపై నుండదగినది.

తక్షణము మూడు పనులు చేయవచ్చును. మహంతిగారి ఆత్మకథ ‘స్రోతస్వతి’ని సంపూర్ణముగా తెలుగున అందుబాటులోనికి తేవలెను. రాయగడ, గుణుపురములలోని తెలుగు వృద్ధుల జ్ఞాపకములను వారి నోటి మాటలలోనే వ్రాసికొని గ్రంథము చేయవలెను. కోదుల, సవరల పాటలను వారి భాషలోనే తెలుగు లిపిలో నుంచి, ప్రక్కన అర్థము చేర్చి ప్రకటింపవలెను.

ధనమెట్లనిన, మార్గము క్రొత్తది కాదు. 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ప్రభృతులు విజ్ఞానచంద్రికా గ్రంథమాలను చందాదారుల బలముతోనే నడపిరి. రాజధానిలోనున్న మన వకీళ్లు, వైద్యులు, ఇంజనీర్లు, ఉద్యోగులు ఏడాదికొక చందా ముందుగా చెల్లించి, రెండు ప్రతులు తీసికొని, ఒకటి తమ యింట నుంచుకొని రెండవదానిని రాయగడలో తెలుగు చదువగోరు నొక పిల్లవానికి పంపినచో ప్రచురణకర్తకు ధైర్యమును, పిల్లవానికి అక్షరమును ఒక్క మారే కలుగును. మహారాజులు పోయిరి, గ్రంథములకు పోషకులిక పాఠకులే. ఒక్క చేతితో మోయబడిన భారమును పదివేల చేతులు పంచుకొనుట కష్టమా?