సిమెంటు పలక కోసేటప్పుడు జాగ్రత్త

ఇంటి గోడకు ఏ పలక వేయించాలో ఇంజనీరు చెప్పాలి గాని డాక్టరుకేం పని అని మీకు అనిపించవచ్చు. నిజమే. గోడ నిలుస్తుందా లేదా అన్నది నేను చెప్పలేను. కాని ఆ పలకను కోసిన మనిషి ఊపిరితిత్తులు ఏమవుతాయన్నది మా వైద్యులకు సంబంధించిన విషయమే.

కీసర, ఘట్‌కేసర్ వైపు ఊళ్లలో ఇంకా పాత పెంకుటిళ్లు అక్కడక్కడ మిగిలాయి. మట్టి గోడలు, టేకు దూలాలు, వీధి వైపు అరుగులు. వాన జల్లుకు గోడ కరిగిపోతోందని కొందరు వాటిని కూల్చేస్తుంటే, కొందరు బాగుచేయించుకుంటున్నారు. ఉప్పల్, నాచారం వైపు స్థలం కొని పాత పద్ధతిలోనే కొత్త ఇల్లు కట్టుకోవాలని ముచ్చటపడేవారూ ఉన్నారు. ఇటువంటివారికి ఇప్పుడు దుకాణాల్లో చూపిస్తున్నది ఫైబర్ సిమెంటు పలక. చూడడానికి చెక్కలాగే గీతలుంటాయి. చెదపట్టదు, నిప్పంటుకోదు, వానకు ఉబ్బిపోదు. ఇదంతా నిజమే. దుకాణదారు చెప్పనిది మరికొంత ఉంది.

ఫైబర్ అంటే నార. సిమెంటుకు బలం రావడానికి అందులో నార కలుపుతారు. ఆ నార ఏది అన్నదే మొదట అడగవలసిన ప్రశ్న. మనకు తరతరాలుగా తెలిసిన సిమెంటు రేకుల్లో కలిపేది రాతినార, అంటే ఆస్‌బెస్టాస్. హైదరాబాదు ఈ రేకులకు పుట్టిల్లు వంటిది. సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ రేకులు ఎరుగని పల్లె తెలంగాణలో లేదంటే అతిశయోక్తి కాదు. కీసరగుట్ట కోతులు పెంకులు పీకి పారేస్తుంటే విసిగిపోయి ఇంటిపైన రేకులు వేసుకున్నవారూ లేకపోలేదు. ఒకప్పుడు ఈ నారను మన పులివెందుల ప్రాంతంలోనే తవ్వేవారు. ఇప్పుడు విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్నాం.

రాతినార పోగులు కంటికి కనపడనంత సన్నగా చీలుతాయి. ఊపిరితో లోపలికి పోయినవి కరగవు, సులభంగా బయటికి రావు. ఊపిరితిత్తులు గట్టిపడిపోవడం, ఊపిరితిత్తి క్యాన్సరు, ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సరు, వీటన్నిటికీ అది కారణం. తెల్ల రాతినార మంచిదే, నీలి రాతినారే చెడ్డది అని వ్యాపారులు చెప్పే మాటను నమ్మకండి. అన్ని రకాలూ క్యాన్సరు కారకాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. జబ్బు బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు పడుతుంది కనుక ఈనాడు కోసినవానికి ఈనాడేమీ తెలియదు. బీడీ, సిగరెట్టు అలవాటున్నవారికి ఊపిరితిత్తి క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

లండనులో 1965లో ఒక పరిశీలన ప్రకటించారు. ఆ పొర క్యాన్సరు వచ్చిన 76 మంది వివరాలు తీస్తే, అందులో 9 మంది రాతినార పని ముట్టినవారే కారు. ఇంట్లో ఎవరో ఆ పని చేసేవారు, అంతే. ఎక్కువమంది ఆ పనివారి బట్టలు ఉతికిన ఆడవాళ్లు.

మన దేశంలో ఈ రేకులపై నిషేధం లేదు. ఆస్‌బెస్టాస్ పనివారి ఆరోగ్య వివరాలను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ల పాటు గాని, పని మానిన తర్వాత 15 ఏళ్ల పాటు గాని, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మంచి తీర్పు. అయితే మీ వాకిట్లో పలక కోసే వడ్రంగికి రికార్డు రాసేదెవరు?

కాబట్టి కొనేటప్పుడు పలక మీద ఐ.ఎస్.ఐ. గుర్తుతో పాటు ఉండే అంకె చూడండి. 459 ఉంటే రాతినార కలిసిన పైకప్పు రేకు, 2096 ఉంటే రాతినార కలిసిన చదును పలక. రాతినార లేని చదును పలకలకు 14862 అని ఉంటుంది. వీటిలో కలిపేది కాగితపు గుజ్జు వంటి నార. అంకె కనపడకపోతే బిల్లు మీద రాతినార లేదని రాసి ఇమ్మనండి. రాయడానికి వెనకాడేవాని దగ్గర కొనకండి.

రాతినార లేదు గదా అని నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. ఈ పలకల్లో సాధారణంగా మెత్తని ఇసుకపొడి కూడా ఉంటుంది. పలక గోడ మీద ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. మిషనుతో కోసినప్పుడు లేచే తెల్లని ధూళే ప్రమాదం. కీసర చుట్టుపక్కల కంకర మిల్లుల్లో పనిచేసేవారిని పట్టే సిలికోసిస్ జబ్బు ఈ ధూళివల్లా రావచ్చు. అది వస్తే తగ్గించే మందు లేదు. పైగా క్షయ తొందరగా అంటుకుంటుంది. ఒక గోడకు పలకలు వేయించుకున్న ఇంటివారికి పెద్ద భయం లేదు. రోజూ ఇదే పనిమీద ఇల్లిల్లూ తిరిగే కుర్రవానికే ముప్పు.

గిర్రున తిరిగే గ్రైండరుతో పొడిగా కోయనివ్వకండి. పలుచని పలకను అద్దం కోసినట్లు గట్టి మొన ఉన్న కత్తితో రెండు మూడుసార్లు గీసి, బల్ల అంచున పెట్టి విరవవచ్చు. మిషను తప్పనిసరి అయితే ధూళిని పీల్చుకునే గొట్టం ఉన్నదో, నీళ్లు చిమ్ముతూ కోసేదో వాడాలి. కోతపని ఇంట్లో కాదు, ఆరుబయట, గాలి వాటం చూసుకొని చేయాలి. పిల్లలను, బాలింతలను ఆ దరిదాపులకు రానివ్వకండి. ముక్కుకు తువ్వాలు చుట్టుకుంటే చాలదు. ఎన్-95 మాస్కు ముఖానికి అతుక్కొని ఉండాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి ధూళి పోనే పోతుంది. పనివారికి ఆ మాస్కులు మీరే కొనివ్వండి, పలకల ఖర్చు ముందు అదెంత? సాయంత్రం చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవాలి. ఆ బట్టలు వేరుగా నానబెట్టి ఉతకాలి.

మట్టిగోడ సంగతి ఒకటి మరచిపోతున్నాను. మట్టి, సున్నపు గోడలు చెమ్మను పీల్చి వదులుతాయి. వాటికి పలకను గట్టిగా అంటించేస్తే చెమ్మ లోపలే చిక్కుకొని బూజు పడుతుంది. బూజు ఉన్న గదిలో ఉబ్బసం రోగులకు ఆయాసం పెరుగుతుంది, పిల్లలకు దగ్గు వదలదు. గోడకు ముందు పట్టీలు కొట్టించి, గాలి ఆడే సందు ఉంచి, వాటిపైన పలకలు బిగించాలి. కింద నేల నుంచి జానెడు ఎత్తు వదలాలి. గోడకు ఇప్పటికే చెమ్మ ఉంటే అది ఎక్కడ నుంచి వస్తున్నదో చూసి బాగుచేయించి, పూర్తిగా ఆరిన తర్వాతే ఈ పని పెట్టుకోండి.

పాత రేకులున్నవారు బెంబేలుపడి పీకించవద్దు. పగలని రేకు నుంచి పోగులు అంతగా రాలవు. దానికి బెజ్జాలు వేయడం, తోమడం, విరగ్గొట్టడం మాత్రం చేయకూడదు. తీయవలసివస్తే నీళ్లతో తడిపి, మాస్కు పెట్టుకొని, మేకులు ఊడదీసి, రేకును పగలకుండా దించాలి. ముక్కలను బాటకు పరచడం మన ఊళ్లలో అలవాటు. బండ్లు తొక్కి తొక్కి అది పిండి అవుతుంది. అలా చేయకండి.

ఈ పనుల్లో ఏళ్ల తరబడి ఉన్నవారికి మెట్లెక్కితే ఆయాసం, పొడి దగ్గు మొదలైతే ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. సిలికోసిస్ ఎక్స్‌రేలో క్షయలాగే కనిపించవచ్చు. అందుచేత డాక్టరు అడిగినా అడగకపోయినా మీరు ఏ పని చేస్తారో, ఎన్నేళ్ల నుంచి చేస్తున్నారో ముందుగానే చెప్పి, దానిని చీటీ మీద రాయించుకోండి.