కుళాయి మరమ్మతు: ఫిర్యాదు పుస్తకం లేని చోట

టౌన్‌షిప్ క్వార్టర్లలో కుళాయి కారితే మనం ఫిర్యాదు పుస్తకంలో ఒక వాక్యం వ్రాసి వస్తాము. సివిల్ విభాగం వారు వచ్చి బాగుచేసి వెళతారు. ముప్పయి సంవత్సరాల ఉద్యోగంలో ఆ ఒక్క వాక్యం తప్ప నీటి గొట్టాల గురించి మనలో చాలామంది నేర్చుకున్నది లేదు. పదవీ విరమణ చేసి స్వంత ఇంటికి చేరిన నాడు ఆ పుస్తకం మన వెంట రాదు.

ఈ సంగతి నాకు తర్లగూడలో బోధపడింది. బీజాపూర్ జిల్లాలో, భోపాల్‌పట్నం వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారిపై, తెలంగాణ సరిహద్దున ఉన్న గ్రామమది. సెలవుపై ఇంటికి వెళ్లినప్పుడు పెరటి కుళాయి బొట్లు బొట్లుగా కారుతోంది. అందరూ చేసే పనే నేనూ చేశాను. ఇంకొంచెం గట్టిగా బిగించాను. మరునాడు మరికొంత. మూడవ నాటి రాత్రి లోపలి మర జారిపోయి బొట్టు కాస్తా ధారగా మారింది. నీటిని ఆపే వాల్వు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. తెల్లవారేసరికి మిద్దె మీది ట్యాంకు ఖాళీ. విధి నిర్వహణలో పెద్ద పెద్ద పంపులు చూసుకునే నేను, మా అమ్మగారు బిందెతో చేతిపంపుకు బయలుదేరుతుంటే తల వంచుకొనవలసి వచ్చింది.

కనుక తొలి పాఠం వాల్వే. ట్యాంకు నుండి దిగే గొట్టంపై గేట్ వాల్వు ఎక్కడ ఉన్నదో ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. నెలకొకసారి మూసి తెరుస్తుంటే అది బిగుసుకుపోదు.

సాధారణ మర కుళాయి నిర్మాణం అతి సులభమైనది. పిడి త్రిప్పితే స్పిండిల్ దిగి, దాని అడుగున ఉన్న రబ్బరు వాషరు ఇత్తడి గద్దెపై కూర్చుని నీటిని ఆపుతుంది. వాషరు అరిగితే నీరు కారుతుంది. అప్పుడు బలం ప్రయోగిస్తే వాషరు నలిగి, గద్దె గీసుకుపోయి, చివరకు మర చెడుతుంది. వాల్వు మూసి, కుళాయి తెరచి, గొట్టంలో మిగిలిన నీటిని పోనివ్వాలి. ఒక స్పానరుతో కుళాయి మొండెమును కదలకుండా పట్టుకుని, మరొక దానితో పైభాగాన్ని ఎడమ వైపుకు విప్పాలి. రెండవ స్పానరు లేకుండా ప్రయత్నిస్తే గోడలోని గొట్టమే తిరిగి, పని పెద్దదవుతుంది. పాత వాషరు తీసి, అదే కొలత గలది వేసి, గద్దెను గుడ్డతో తుడిచి బిగిస్తే సరి. నీరు నోటి నుండి కాక పిడి క్రింద నుండి వస్తుంటే దోషం వాషరుది కాదు. స్పిండిల్ చుట్టూ ఉండే నూలు పురి అరిగినదని గ్రహించాలి.

మరల కీళ్లకు టెఫ్లాన్ టేపును మర బిగిసే దిశలోనే చుట్టాలి. ఎదురుగా చుట్టితే బిగించేటప్పుడే ఊడి వస్తుంది. పి.వి.సి. గొట్టాల అతుకులకు తడి పనికిరాదు. సాల్వెంట్ సిమెంటు పూసి, కొద్దిగా త్రిప్పుతూ దోపి, అది ఆరిన తరువాతనే నీరు వదలాలి.

బొట్టే కదా అనుకునేవారు క్రింద గ్లాసు పెట్టి చూడవచ్చు. గంటకు 200 మిల్లీలీటర్లు నిండితే నెలకు 144 లీటర్లు. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామీణ ప్రాంతాలలో మనిషికి దినమునకు నిర్దేశించినది 55 లీటర్లు!

వాడేవారే బాగుచేసుకోవాలన్న ఆలోచన క్రొత్తది కాదు. 1970 దశకంలో యునిసెఫ్ సహకారంతో రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపును తయారుచేసిన సంస్థలలో అప్పటి ప్రభుత్వ రంగ సంస్థ రిచర్డ్‌సన్ అండ్ క్రూడాస్ ముఖ్యమైనది. ఆ పంపులో లోపలి వాషరు మార్చాలంటే గొట్టాలన్నీ పైకి లాగవలసి వచ్చేది. అందుకు ప్రత్యేక బృందం కావాలి. తరువాత వచ్చిన మార్క్-3లో గొట్టాలు కదల్చకుండానే పిస్టనును పైకి తీసి వాషరు మార్చవచ్చు. ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో గ్రామీణ మహిళలు శిక్షణ పొంది చేతిపంపు మెకానిక్కులైనారు. వారి ముందు మన అరంగుళం కుళాయి ఏపాటిది?

మా పెరట్లో క్రొత్త కుళాయి బిగించిన తరువాత వంటింటి కుళాయి వాషరును మా శ్రీమతి మార్చింది. వాల్వు మూయడం నేను మరచిపోబోతే గుర్తు చేసింది కూడా ఆవిడే. ఇప్పుడు ఆ ఇంట్లో ఒక రేకు డబ్బాలో రెండు స్పానర్లు, అరడజను వాషర్లు, ఒక టేపు చుట్ట ఉన్నాయి. గేట్ వాల్వు పక్కన గోడపై ఎర్ర రంగుతో బాణం గుర్తు వేసి వచ్చాము.