ఫలక్‌నుమా: ఆతిథ్యం నిలిపిన మేడ

మాఘమాసం వచ్చినదంటే ఉప్పల్, నాచారం ప్రాంతాలలో ఫంక్షన్ హాళ్ళు దీపతోరణాలతో వెలిగిపోతాయి. అట్టతో చేసిన కమానులు, స్తంభాలు నిలిపి, ఒక్క రాత్రికైనా పందిరిని మహలుగా మార్చాలని పెళ్ళివారి ముచ్చట. అదే నగరంలో, దక్షిణపు కొండమీద, నిజమైన మహలులోనే పెళ్ళివిందులు జరుగుతున్నవి. ఆ మహలు ఫలక్‌నుమా. ఆకాశానికి అద్దం వంటిదని ఆ పేరుకు అర్థం చెబుతారు. దాని కథ కొంత మనవి చేస్తాము.

పాయగా వంశీయుడైన సర్ వికారుల్ ఉమ్రా 1884లో దీనికి పునాది వేయించినారు. తరువాత ఆయన హైదరాబాదు సంస్థానానికి ప్రధానమంత్రి అయినారు. ఇటలీ చలువరాళ్ళూ, నగిషీ కొయ్యపనులూ, 101 మంది ఒకే బల్లవద్ద కూర్చుండే భోజనశాలా అమరేసరికి దాదాపు దశాబ్దకాలం గడచినది. ఆయన అప్పులపాలైనారు. 1897 ప్రాంతంలో భవనం ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వశమై, రాజ అతిథిగృహమైనది. అతిథుల కొరకు అంత వైభవంగా కట్టిన మేడ కట్టినవారికే దక్కలేదు!

1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడ బస చేసినారు. ఆ పిమ్మట దశాబ్దాల తరబడి తలుపులు మూసే ఉన్నవి. మనుష్యసంచారం లేని ఇంట చెమ్మ, చెద, ధూళి కాపురం పెడతాయి. పాతమేడకు నిత్యసేవ కావాలి. సేవకు ధనం కావాలి.

2000లో చార్మినారు చెంతనున్న మాల్వాలా దేవిడీ నేలమట్టమైనది. ఆ కాలంలోనే ఫలక్‌నుమాకు పునరుద్ధరణ ప్రారంభమైనది. రాజకుమారి ఎస్రా పర్యవేక్షణలో పదేండ్లు పని సాగి, 2010 నవంబరులో తాజ్ సంస్థ దానిని హోటలుగా తెరచినది. ఒకనాడు ఇల్లు గడవనీయని ఆతిథ్యమే నేడు ఇల్లు గడుపుతున్నది.

అయితే ఈ ద్వారం అందరికీ తెరచుకొనేది కాదు. అక్కడి విందు సామాన్య గృహస్థునకు అందని పండు. జనసమ్మర్దం, దీపాల వేడి, మేకుల దెబ్బలు పాతగోడలకు చేటు కూడా. చౌమహల్లాలో మరొక మార్గం చూస్తాము. 45 ఎకరాల పూర్వపు ఆవరణలో మూడవవంతైనా మిగలకున్నా, 2005 నుండి టిక్కెట్టు కొన్నవారందరూ దానిని చూడగలుగుతున్నారు.

మన ఊళ్ళలోనూ తాతలనాటి లోగిళ్ళు తాళాలతో ఉన్నవి. కూల్చే ముందు, వాకిట ముగ్గు వేసి, ఒక్క శుభకార్యమైనా అక్కడ జరిపి చూడవచ్చును. దీపం పెట్టే చేయి ఉన్నంతకాలమే ఇల్లు నిలుస్తుందని మా మనవి.