ముప్పై ఆరు బొమ్మలు... మూడు నిమిషాలు

పసిబిడ్డ తొలి రోజుల్ని తెరకెక్కించే ముందు నాలుగు మాటలు

జగిత్యాల: తొట్టెల పండుగకు వచ్చిన చుట్టాలకు ఇప్పుడు బిడ్డతో పాటు టి.వి. కూడా చూపిస్తున్నారు. కాన్పయిన రోజు నుంచి ఇరవై ఒకటో రోజు దాకా తీసిన ఫొటోలన్నీ వరసగా తెరమీద వచ్చి పోతుంటాయి. వెనక ఏదో సినిమా పాట మోగుతుంటుంది. మొదటి రెండు నిమిషాలు అందరూ ముచ్చటగా చూస్తారు. అయిదో నిమిషానికి మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి వాకిట్లోకి వెళతారు. పదో నిమిషానికి భోజనాల పిలుపు వస్తుంది. బొమ్మలు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంటాయి. చూసేవారుండరు.

తప్పు చుట్టాలది కాదు. ఫొటోలు మరీ ఎక్కువయ్యాయి. సెల్‌ఫోను చేతిలో ఉన్నాక తీయడానికి ఖర్చేముంది? మూడు వారాల్లో వెయ్యి ఫొటోలు పోగుపడినా వింత లేదు. అందులో నిద్రపోతున్న ముఖాలే వందల కొద్దీ ఉంటాయి. ఈ వెయ్యిలోంచి వేటిని ఏరాలి, ఏ వరసలో పేర్చాలి, అసలు ఎవరి కోసం పేర్చాలి అని కాస్త ఆలోచిస్తే కాసేపటి తమాషా కాస్తా ఆ ఇంటికి ఆస్తిగా మిగులుతుంది.

పేరు పాతదే

స్లైడు షో అన్న పేరు కొత్తగా వినిపించవచ్చు. స్లైడు మాత్రం మనకు కొత్తది కాదు. సినిమా హాల్లో ఆట మొదలు కాకముందు బట్టల కొట్టు ప్రకటన, నగల కొట్టు ప్రకటన, పొగ త్రాగరాదన్న హెచ్చరిక తెరమీద కదలకుండా నిలిచేవి. అవే స్లైడులు. విదేశాల్లో చాలామంది ఇళ్ళలోనే స్లైడు ప్రొజెక్టర్లు ఉండేవి. కొడాక్ కంపెనీ యంత్రంలో గుండ్రటి పళ్ళానికి 80 స్లైడులు పట్టేవి. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, ప్రయాణాల బొమ్మలు గోడమీద వేసుకుని చూసేవారు. ఆ యంత్రాల తయారీని కంపెనీ 2004లో ఆపేసింది. పేరు మాత్రం బతికి, మన ఫోన్లలోకి వచ్చి చేరింది.

మన దగ్గర అప్పట్లో ఆగ్ఫా క్లిక్-3 కెమెరా ఉన్న ఇల్లంటే గొప్ప. దాని రీలులో 12 బొమ్మలే వచ్చేవి. తర్వాత వాడుకలోకి వచ్చిన 35 మిల్లీమీటర్ల రీలులో 36. ఊటీలో తయారైన ఇందు రీలు కొనుక్కొచ్చి, మీట నొక్కేముందు పదిసార్లు ఆలోచించేవారు. ఒక్క బొమ్మ చెడితే ప్రాణం ఉసూరుమనేది.

ఆ 36 లెక్కను ఇప్పుడు మళ్ళీ పట్టుకోవచ్చు. ఒక్కో బొమ్మ తెరమీద 5 సెకన్లు నిలిస్తే 36 బొమ్మలకు 180 సెకన్లు. సరిగ్గా మూడు నిమిషాలు. అంతసేపు ఎవరూ లేవరు. అయిపోయాక 'ఇంకోసారి వెయ్యండి' అంటారు కూడా.

ఊళ్ళో లేని తండ్రికి

మన ప్రాంతంలో ఈ బొమ్మలకు మరో అక్కర ఉంది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్న మాట పుట్టిన నేల ఇది. భార్య నిండు నెలలతో ఉండగా విమానమెక్కి, బిడ్డ తప్పటడుగులు వేసే వేళకు గాని తిరిగి రాలేని తండ్రులు ఊరూరా ఉన్నారు. సెలవు దొరికితే టిక్కెట్టుకు డబ్బులుండవు. డబ్బులుంటే సెలవు దొరకదు.

వెనకటి రోజుల్లో బిడ్డను పట్నంలో స్టూడియోకు తీసుకెళ్ళి ఒక ఫొటో తీయించేవారు. దాన్ని జాబులో పెట్టి పంపితే చేరడానికి చాలా రోజులు పట్టేది. ఆ ఒక్క ఫొటోనే తండ్రి పెట్టెలో దాచుకుని ఏళ్ళ తరబడి చూసుకునేవాడు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించవచ్చు. నిజమే. కాని మనకు రాత్రి 10 గంటలైతే దుబాయిలో 8.30, కువైట్‌లో, రియాద్‌లో 7.30. ఆయన డ్యూటీ దిగి గది చేరేసరికి ఇక్కడ బిడ్డ నిద్రలో ఉంటుంది. బిడ్డ మేలుకునే వేళకు ఆయన మళ్ళీ పనిలో ఉంటాడు. ఒకవేళ మాట కలిసినా ఫోను పెట్టేశాక చేతిలో ఏమీ మిగలదు. మూడు నిమిషాల బొమ్మల వరస అయితే తన తీరిక వేళలో, తన మంచం మీద, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకుంటాడు.

కాబట్టి ఫొటోలు ఏరేటప్పుడు ప్రతిదాన్నీ ఒక్క ప్రశ్న అడగండి. ఇక్కడ లేని మనిషికి ఇది ఏం చెబుతుంది? నిద్రపోయే ముఖం ఒకటి రెండు చాలు. బిడ్డ ఎంత పొడుగుందో, పిడికిలి ఎంతుందో, ఎవరి పోలిక వచ్చిందో, ఎక్కడ పడుకుంటోందో ఆయనకు తెలియాలి. దీనికి తేలికైన ఉపాయం ఉంది. తండ్రి అంగీ ఒకటి పరుపు మీద పరిచి, దాని మీద బిడ్డను పడుకోబెట్టి వారానికొక ఫొటో తీయండి. ప్రతిసారీ అదే అంగీ, అదే చోటు. మొదటి వారం జేబు పక్కన ఉన్న పాదాలు నాలుగో వారానికి ఎందాకా వచ్చాయో మాటలతో చెప్పనక్కరలేదు.

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను తూచినప్పుడూ ఒక బొమ్మ తీయండి. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె రావాలన్నది నియమం. తూకం అంకె కనిపించేలా తీస్తే వరసకు అదే వెన్నెముక అవుతుంది. మొదటి వారంలో బరువు కొంచెం తగ్గడం మామూలే. రెండు వారాలకు మళ్ళీ పుంజుకుంటారు. పుంజుకోకపోతే ఆమెకు, డాక్టరుకు చెప్పాలి.

బాలింత ఏది?

చాలా ఇళ్ళ బొమ్మల్లో కనిపించని మనిషి ఒకరున్నారు. తల్లి. ముఖం పీక్కుపోయి ఉంది, తల దువ్వుకోలేదు, తర్వాత తీద్దాం అంటారు. ఆ తర్వాత ఫోను ఆమె చేతికే వస్తుంది. తీసేది ఆమె గనుక బొమ్మలో ఆమె ఉండదు. హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ 1892లోనే స్త్రీల కోసం వేరే స్టూడియో తెరిచి, దాని నిర్వహణను స్త్రీకే అప్పగించారు. పరదా చాటు ముఖాలూ అలా బొమ్మకెక్కాయి. ఇంటింటా కెమెరా ఉన్న ఈ రోజుల్లో తల్లి బొమ్మ లేకపోతే ఎలా? తలకు గుడ్డ కట్టుకుని, బిడ్డను ఒళ్ళో వేసుకున్న ఆ అలసిన ముఖం బిడ్డ పెరిగాక చూడవలసిన ముఖం. ఆమె ఇష్టం కనుక్కుని తీయండి.

రెండో మనిషి లాలపోసే అవ్వ. కాళ్ళు బారచాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి, నూనె మర్దన చేసి, గోరువెచ్చటి నీళ్ళు పోసే ఆ చేతులు. ఆ నేర్పు ఉన్నవారు ఇంటింటా తగ్గిపోతున్నారు. బిడ్డకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఆ అవ్వ ఉండకపోవచ్చు. ముసలి తాత కూడా అంతే. తొంభై ఏళ్ళ చేతి మీద తొమ్మిది రోజుల చేయి ఉన్న బొమ్మ మళ్ళీ తీద్దామంటే దొరకదు. ఈ బొమ్మల వరస తొట్టెల నాటి చుట్టాల కోసమే కాదు. ఎదిగిన బిడ్డ ఒకనాడు అడగబోయే 'నన్ను ఎవరెవరు ఎత్తుకున్నారు?' అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇదే.

నెలలు నిండకముందే పుట్టి ఆసుపత్రిలో వేడి పెట్టె కింద రోజులు గడిపిన బిడ్డలుంటారు. ఆ బొమ్మలు అశుభమని కొందరు తీసేస్తారు. తల్లిదండ్రులకు అభ్యంతరం లేకపోతే ఒకటైనా ఉంచాలి. తల్లి గుండెకు ఆన్చుకుని వెచ్చగా ఉంచే పద్ధతిని డాక్టర్లు కంగారూ సంరక్షణ అంటారు. ఆ బొమ్మ ఒకటి ఉంటే ఆ బిడ్డ ఎంత పోరాడి నిలిచిందో తర్వాత తెలుస్తుంది. అక్కడ నర్సు అనుమతి తీసుకునే తీయాలి. పక్క బిడ్డలు బొమ్మలో పడకూడదు.

దిష్టి భయం

పురిటి రోజులు వెళ్ళేదాకా ఫొటో వద్దని పెద్దలు పట్టుబట్టే ఇళ్ళున్నాయి. వారితో వాదం పెట్టుకుంటే పండుగ పాడవుతుంది. ముఖం వద్దన్నారా? పాదాలు తీయండి. పిడికిలి తీయండి. అవ్వ వేలిని పట్టుకున్న బుల్లి వేళ్ళు తీయండి. ముఖాల బొమ్మలన్నీ మరిచిపోయినా ఆ వేళ్ళ బొమ్మ గుర్తుంటుంది.

తీసేటప్పుడు

పొద్దుటిపూట కిటికీ వెలుతురు చాలు. ఫ్లాషు వద్దు. నిద్ర చెదురుతుంది, ఒంటి రంగూ సరిగా రాదు. ఫోను అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవండి. టి.వి. తెర అడ్డంగా ఉంటుంది గనుక ఫోనునూ అడ్డంగా పట్టుకోండి. అప్పుడే పుట్టిన బిడ్డకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నవే బాగా కనిపిస్తాయి. అంటే ఎత్తుకున్న మనిషి ముఖం. బిడ్డ ఆ ముఖాన్ని చూస్తున్నప్పుడు పక్కనుంచి తీస్తే కళ్ళు ఎంతో బాగా వస్తాయి.

ఒక హెచ్చరిక. గడ్డం కింద చేతులు పెట్టుకుని తల నిలిపి ఉన్న పసికందుల బొమ్మలు ఫోన్లలో తిరుగుతుంటాయి. తల పట్టుకుని ఒకటి, చేతులు పట్టుకుని ఒకటి తీసి, రెండూ అతికి వాటిని తయారు చేస్తారు. ఇంట్లో అలా కూర్చోబెట్టబోతే మెడకు ముప్పు. బుట్టల్లో, బల్లల మీద ఒంటరిగా పెట్టవద్దు. ఒకరు తీస్తుంటే ఒకరి చేయి బిడ్డ దగ్గరే ఉండాలి.

కూర్చేటప్పుడు

రోజుల వరసలోనే పేర్చండి. ప్రతి బొమ్మ కింద తేదీ, మనిషి పేరు, వరస రాయండి. తాత అని రాస్తే చాలదు. ఏ తాత? అమ్మ తండ్రా, నాన్న తండ్రా? ఆంటీ అని రాయవద్దు. మేనత్త అయితే మేనత్త అని, పెద్దమ్మ అయితే పెద్దమ్మ అని రాయండి. పాత పెట్టెల్లో దొరికే ఫొటోల్లో పేర్లు తెలియక వదిలేసిన ముఖాలెన్నో మీకే తెలుసు.

పాట కోసం సినిమాలు వెతకనక్కరలేదు. బిడ్డను జోకొడుతూ అవ్వ పాడే లాలిని ఫోనులో పట్టుకోండి. గొంతు వణికినా సరే. మధ్యలో బిడ్డ ఏడ్చినా సరే.

వరస పూర్తయ్యాక దాన్ని ఎం.పి.4 వీడియోగా చేసి పెన్‌డ్రైవులో వేస్తే చాలా టి.వి.లలో ఆడుతుంది. ముందురోజే ఒకసారి వేసి చూసుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్లు చేరుతుంది. ఫోనులో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, మరో ఊళ్ళోని దగ్గరివారి వద్ద ఒకటి, మొత్తం మూడు ప్రతులుండాలి. ఫోను నీళ్ళలో పడితే వెయ్యి ఫొటోలూ దానితోనే పోతాయి. ముప్పై ఆరింటిలో పదింటిని స్టూడియోలో కాగితం మీద అచ్చు వేయించండి. వాటికి చార్జింగు అక్కరలేదు.

ఈ బొమ్మలు అయినవారికే. అందరూ చూసే చోట పెట్టవద్దు. బిడ్డ స్నానం బొమ్మలు, పేరూ నంబరూ ఉన్న ఆసుపత్రి పట్టీ కనిపించేవి అసలే బయటికి పోకూడదు. వద్దని చెప్పే వయసు బిడ్డకు ఇంకా రాలేదు. ఆ మాట పెద్దవాళ్ళే అనుకోవాలి.

ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ పనికి పండుగ దాకా ఆగనక్కరలేదు. ఈ రాత్రి బిడ్డ నిద్రపోయాక బాలింతను, అవ్వను పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పది బొమ్మలు ఏరండి. ఏది ఉంచాలో అవ్వకు బాగా తెలుసు.