రాత్రిపూట ఒంటరిగా సైకిలు



సంక్రాంతి సెలవులయ్యాక నేను కుడి చెయ్యి మెడకు కట్టుకుని హాస్టలుకు వచ్చాను కదా. ఆ రోజు నుంచి అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏమైందిరా?" అని. సైకిలు మీంచి పడ్డానంటే నవ్వుతున్నారు. ఎలుగుబంటి తరిమిందని చెప్పి ఉంటే బాగుండేదేమో. ఇప్పుడు చెయ్యి బాగైంది, పెన్ను పట్టగలుగుతున్నాను. అందుకని అందరికీ ఒకేసారి రాసి గోడకు పెడుతున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. వేసవి సెలవుల్లో పగలు ఎండ భరించలేమని, సంతలకు, చుట్టాలిళ్ళకు రాత్రిపూటే సైకిలు మీద తిరగాలని మనలో కొందరు అనుకుంటున్నారు. పేర్లు రాయను. వాళ్ళు మాత్రం చివరిదాకా చదవాలి.

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. రాత్రిపూట ఒక్కడినే సైకిలు తొక్కడం నాకు చాలా ఇష్టం. పడిన తర్వాత కూడా ఇష్టమే. పెద్దవాళ్ళు "వద్దు" అని ఊరుకుంటారు, ఎందుకు ఇష్టమో అడగరు. మన హాస్టల్లో గంట కొడితే లేస్తాం, గంట కొడితే తింటాం, గంట కొడితే పడుకుంటాం. ఒక్క హాలులో నలభై మందిమి. స్నానానికి లైను, అన్నానికి లైను. మంచివాళ్ళే అందరూ, కానీ ఒక్కడినే ఉండే చోటంటూ ఎక్కడుంది? రాత్రి రోడ్డు మీద సైకిలెక్కితే ఆ చోటు దొరుకుతుంది. గొలుసు చప్పుడు, టైరు చప్పుడు, మన ఊపిరి. అంతే. పాట పాడితే వినేవాడుండడు, రాగం తప్పితే నవ్వేవాడుండడు.

2025 జనవరి 13 భోగి. ఆ రోజే పున్నమి కూడా వచ్చింది. మాది శబరి ఒడ్డున, చింతూరు నుంచి కూనవరం పోయే వైపు ఒక పల్లె. మా మామ వాళ్ళ ఊరు మాకు పదకొండు కిలోమీటర్లు. సాయంత్రం ఆరున్నరకు నాన్న సైకిలు తీసుకుని బయల్దేరాను. పాత నల్ల సైకిలు, 22 అంగుళాలది, రాడ్డు బ్రేకులది. లైటు లేదు. అప్పటికే చంద్రుడు తూర్పు కొండల మీదికి వచ్చేశాడు. మొదట్లో రోడ్డు మసకగా ఉంది. రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి ఎవరో దీపం వత్తి పెంచినట్టు అన్నీ కనిపించసాగాయి. గులక రాళ్ళు కూడా.

చంద్రుడి వెలుగు ఏమీ పెరగలేదు, నా కళ్ళే మారాయి. జీవశాస్త్రం పాఠంలో చదువుకున్నాం కదా, కంటి వెనక తెరలో దండాలు, శంకువులు అని రెండు రకాల కణాలుంటాయి. శంకువులు పగటికి, రంగులకు. దండాలు మసక వెలుతురుకు. దండాల్లో రోడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుతురు తగిలితే అది విరిగిపోతుంది, చీకట్లో మళ్ళీ తయారవుతుంది. పూర్తిగా తయారుకావడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. దానికి ఎ విటమిన్ కావాలి. అది తక్కువైతే రేచీకటి వస్తుంది. మునగాకు పప్పు పెట్టిన రోజు కంచంలో వదిలేసేవాళ్ళకు ఈ మాట!

పున్నమి చంద్రుడి వెలుగు సూర్యుడి వెలుగులో సుమారు 4 లక్షల వంతు మాత్రమే. అంత తక్కువ వెలుతురులో కూడా మనం దారి చూసుకోగలుగుతున్నామంటే కన్ను ఎంత గొప్పదో చూడండి. అయితే దండాలకు రంగులు తెలియవు. అందుకే వెన్నెల్లో అంతా బూడిద రంగే. అందులోనూ ఎరుపు మరీ నల్లగా మారుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ చెట్టును పగలు చూసి, మళ్ళీ వెన్నెల్లో చూడండి, పూలన్నీ నల్లగా ఉంటాయి. ఈ సంగతి 19వ శతాబ్దంలో పుర్కింజె అనే చెక్ దేశపు శాస్త్రవేత్త గమనించాడు. ఎర్ర తువ్వాలు కట్టుకుంటే రాత్రి అందరికీ కనిపిస్తామనుకోవడం తప్పు. తెల్ల చొక్కాయే మేలు.

ఆ రాత్రి ఇంకో వింత. వాగు దగ్గర రోడ్డు పల్లంలోకి దిగగానే ఒళ్ళు ఝల్లుమంది, నీళ్ళలో దిగినంత చల్లగా. గట్టెక్కగానే మళ్ళీ మామూలే. చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి రాత్రి కొండల మీంచి జారి పల్లాల్లో చేరుతుంది. మా తాత ఆ చలి దయ్యం ఊదడమని చెప్పేవాడు. సైకిలు వేగంగా పోతున్నట్టు కూడా అనిపించింది. పగలైతే దూరంగా ఉన్న కొండలు, చెట్లు కనిపిస్తాయి, అవి నెమ్మదిగా కదులుతాయి. రాత్రి దగ్గరవే కనిపిస్తాయి, అవి రయ్యిమని వెనక్కి పోతాయి. అందుకే మామూలుగా తొక్కుతున్నా ఎగిరిపోతున్నట్టు ఉంటుంది. ఒక్క బండి ఎదురు రాలేదు. యాభై నిమిషాల్లో మామ ఇంటికి చేరాను. ఆ రాత్రి గురించి ఎంత రాసినా తక్కువే. కానీ అసలు సంగతి తిరుగు ప్రయాణం.

మూడు రోజుల తర్వాత, 16వ తేదీ గురువారం, అదే దారిలో తిరిగి వచ్చాను. ఆరు ముప్పావుకు బయల్దేరాను. పొయ్యేటప్పుడు వెన్నెల ఉంది కదా, వచ్చేటప్పుడూ ఉంటుంది అనుకున్నాను. ఇక్కడే లెక్క తప్పాను. పున్నమి రోజు చంద్రుడు పొద్దు గుంకే వేళకు వస్తాడు. తర్వాత రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యం. మూడు రోజులకు రెండున్నర గంటలు. అంటే ఆ రోజు ఎనిమిది దాటితే గాని చంద్రుడు రాడు. ఇంకో లెక్క కూడా గుర్తు పెట్టుకోండి. సగం చంద్రుడు కనిపిస్తే సగం వెన్నెల ఉంటుందనుకుంటాం. ఉండదు. పున్నమి వెలుగులో సుమారు పదో వంతే ఉంటుంది.

"పొద్దున పోరా" అని అత్త అన్నది. నేను వినలేదు. మామ తన టార్చిలైటు ఇచ్చాడు. దాన్ని పాత ట్యూబు ముక్కతో హాండిలుకు కట్టాను. బ్యాటరీలు పాతవి. వెలుతురు ముందు ఆరు మీటర్ల వరకు పడుతోంది, అంతే. నేను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్నానంటే సెకనుకు 4 మీటర్లు పైనే. అంటే టార్చి వెలుతురులో ఏదైనా కనిపించాక నాకు ఒకటిన్నర సెకను టైము. అందులోనే చూడాలి, అది ఏమిటో తెలుసుకోవాలి, బ్రేకు పట్టాలి. ఆ రాడ్డు బ్రేకులు మంచులో తడిస్తే ఎంత పడతాయో వాడినవాళ్ళకు తెలుసు. టార్చి ఎంత దూరం చూపిస్తే అంతలో ఆగగలిగే వేగంతోనే పోవాలి. ఈ లెక్క నేను మంచం మీద పడుకుని వేసుకున్నాను.

సగం దారిలో ఎదురుగా ఒక బండి వచ్చింది. జీపో, వ్యానో తెలియదు. లైట్లు పెద్దవి వేసి ఉన్నాడు, దించలేదు. నేను కళ్ళు అటే పెట్టి చూశాను. ఎవరైనా అదే చేస్తారు, వెలుతురు వైపు కన్ను దానంతటదే పోతుంది. బండి దాటిపోయింది. ఆ తర్వాత నాకు ఏమీ లేదు. టార్చి వెలుగుతోంది గాని అది కూడా కనిపించడం లేదు. అరగంట సేపట్లో కళ్ళకు వచ్చిన చీకటి అలవాటు రెండు క్షణాల్లో పోయింది. ఆగాల్సింది. ఆగలేదు. దారి నాకు తెలుసు కదా అనే ధైర్యం. దారి తెలుసు, కానీ దారి మీద ఎవరు పడుకున్నారో తెలియదు.

పడుకున్నది ఒక బర్రె. నల్ల రోడ్డు, నల్ల బర్రె. పశువుల కళ్ళు వెలుతురు పడితే మెరుస్తాయి, వాటి కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. కానీ అది అటు తిరిగి పడుకుంది, ఇక కళ్ళెక్కడ మెరుస్తాయి! (అడవిపందికి ఆ పొరే ఉండదు, మనవైపు చూస్తున్నా మెరవదు. ఇది కూడా తెలుసుకోండి.) దాన్ని గుద్దుకుని రోడ్డు అంచుకు పడ్డాను. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు శబరి కూడా ఎగదన్ని మా వైపంతా మునిగింది కదా. అప్పుడు కోసుకుపోయిన అంచు అది, జానెడు పైన లోతు. కుడి భుజం మీద పడ్డాను. టక్‌మని చప్పుడు నాకే వినిపించింది. కాలర్ బోను విరిగింది. మన పుస్తకంలో జత్రుక అని ఉంటుంది. బర్రె లేచి వెళ్ళిపోయింది, దానికేమీ కాలేదు.

ఇప్పుడు నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. అక్కడ నేను గంటకు పైనే పడి ఉన్నాను. లేవబోతే కళ్ళు తిరుగుతున్నాయి. ఫోను లేదు, ఉన్నా ఆ మలుపులో సిగ్నలు రాదు. అరిచాను. కాసేపటికి అరవడం మానేశాను. అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. మా ఇంట్లో వాళ్ళు నేను మామ ఇంట్లో ఉన్నాననుకుంటున్నారు. మామ వాళ్ళు నేను ఇంటికి చేరాననుకుంటున్నారు. రెండు ఇళ్ళలో ఒక్కరు కూడా నా కోసం ఎదురు చూడడం లేదు. ఇందాక ఒంటరితనం గురించి అంత గొప్పగా రాశాను కదా. అదే ఇది. ఎవరూ చూడకపోవడం బాగుందని బయల్దేరాను. ఎవరూ చూడకుండానే పడ్డాను. చంద్రుడు వచ్చాడు కూడా, చక్కగా అంతా కనిపించింది, నా చెయ్యి ఎలా వేలాడుతోందో కూడా.

వలలు వెయ్యడానికి శబరికి పోతున్న ఒక పెద్దాయన నన్ను చూశాడు. టార్చి ఇంకా వెలుగుతూ ఉండబట్టి ఆగాడట, లేకపోతే దాటిపోయేవాణ్ణి అన్నాడు. ఆయన తన తువ్వాలుతో నా చెయ్యి ఛాతీకి కట్టి, ఊళ్ళోంచి ఆటో తెప్పించాడు.

మన ఏజెన్సీలో రాత్రిపూట భయపడాల్సినవి చాలానే ఉన్నాయి, కానీ మనం భయపడేవి వేరు. చింతచెట్టు దయ్యానికి భయపడి వేగం పెంచుతాం, పడేది అక్కడే. ఎలుగు సంగతి నిజమే. మార్చి, ఏప్రిల్లో ఇప్పపువ్వు రాలేటప్పుడు రాత్రులు, తెల్లవారుజామున అది చెట్ల కిందికి వస్తుంది. సైకిలుకు చప్పుడు లేదు కాబట్టి మనం దగ్గరకు వచ్చేదాకా దానికి తెలియదు, ఉలిక్కిపడి మీదికి వస్తుంది. ఇప్పచెట్లున్న దారిలో బెల్లు కొడుతూ పోవాలి. వేసవి రాత్రుల్లో పాములు రోడ్డు మీదికి వస్తాయి. కట్లపాము రాత్రే తిరుగుతుంది, కరిచినా పెద్దగా నొప్పి ఉండదు, అందుకే చీమ అనుకుంటారు. తర్వాత రెప్పలు వాలిపోతాయి. గొలుసు పడిందని చీకట్లో కింద కూర్చుని చేత్తో తడిమేవాళ్ళు జాగ్రత్త. కరిస్తే కొయ్యకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు, నడిపించకూడదు, కదలకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ ఒకటే మందు పనిచేస్తుంది.

అన్నింటికంటే పెద్ద ప్రమాదం మాత్రం వెనక నుంచి వచ్చే బండి. మనకు రోడ్డు కనిపిస్తోంది కాబట్టి మనం కూడా అందరికీ కనిపిస్తున్నామనుకుంటాం. గంటకు 60 కిలోమీటర్లతో వచ్చేవాడు సెకనుకు 16 మీటర్లు దాటుతాడు. నల్ల చొక్కా వేసుకున్నవాణ్ణి వాడు చూసేసరికి ఆలస్యమైపోతుంది. వెనక మడ్‌గార్డుకు ఉండే ఎర్ర రిఫ్లెక్టరు ఎటు నుంచి వెలుతురు పడితే అటే తిప్పి పంపుతుంది. అందుకే డ్రైవరుకు అది దూరం నుంచే మెరుస్తూ కనిపిస్తుంది. (ఇందాక ఎరుపు పనికిరాదన్నావు కదా అంటారేమో. అది వెన్నెల్లో. హెడ్‌లైటు పడితే ఎరుపు ఎరుపే.) దానికి బ్యాటరీ అక్కర్లేదు, బురద తుడిస్తే చాలు. నాన్న సైకిలుకు ఆ రిఫ్లెక్టరు ఎప్పుడో పగిలిపోయింది, ఎవరం పట్టించుకోలేదు. పాతకాలపు డైనమో కూడా మంచిదే గాని చక్రం తిరిగితేనే దీపం. ఎత్తు ఎక్కేటప్పుడు మసకబారుతుంది, ఆగితే ఆరిపోతుంది. మనకు లైటు ఎక్కువ కావాల్సింది అప్పుడే.

ఎదురు బండి వస్తే ఏం చెయ్యాలి? దిగాలి. ఎడమ అంచుకు జరిగి, తల దించి, ఒక కన్ను మూసుకుని నిలబడాలి. బండి పోయాక మూసిన కన్ను తెరిస్తే దానికి చీకటి అలవాటు పోకుండా ఉంటుంది. నేను ఇప్పుడు హాస్టల్లో ట్యూబులైటుతో పరీక్ష చేసి చూశాను, నిజంగా పనిచేస్తుంది. చీకట్లో ఏదైనా సరిగా కనిపించకపోతే సూటిగా చూడకుండా కొంచెం పక్కకు చూడండి. కంటి మధ్యలో ఉండే పచ్చచుక్క నడిమధ్యలో అన్నీ శంకువులే, దండాలు పక్కల ఉంటాయి.

మా అక్క ఇదంతా చదివి, "నీకు బర్రె భయం, ఎలుగు భయం. నాకు మనుషుల భయం. నేను నీకంటే బాగా తొక్కుతాను, కానీ ఆ భోగి వెన్నెల నాకు ఎప్పుడు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. రాయమన్నది, రాశాను.

వార్డెన్ సారుకి ఒక మనవి. మన ఔటింగు రిజిస్టరులో బయల్దేరిన టైము రాసే గడి ఉంది, ఇంటికి చేరిన టైము రాసే గడి లేదు. పక్కన ఇంకో గీత గీస్తే సరిపోతుంది. చేరగానే ఇంటి నుంచి ఒక ఫోను, రాకపోతే సారు నుంచి ఒక ఫోను. స్కేలు, పెన్ను నేను తెస్తాను.

సైకిలు సంగతి అడుగుతున్నారు కదా. ముందు చక్రం బెండు తీయించాం, ఐదు పుల్లలు కొత్తవి వేశారు. రిఫ్లెక్టరు సంతలో కొన్నాం. ఇప్పుడు పొద్దు గుంకితే నాన్న తాళం జేబులో వేసుకుంటున్నాడు. వచ్చే పున్నమికి ఇద్దరం రెండు సైకిళ్ళ మీద పోదామని అడిగాను. ఇంకా ఏమీ చెప్పలేదు.

— 9వ తరగతి, బి సెక్షను