మాట వినబడితే చాలదు... మొగం కనబడాల!

తొలకరిలో నాలుగు చినుకులు పడితే చాలు, మా పత్తికొండ చుట్టుపక్కల తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాల కోసం వెదకడం మీరు పేపర్లలో చదివే ఉంటారు. ఆ మధ్య మా ఇంట్లోనూ అలాంటి వెదుకులాటే జరిగింది. అయితే మేము వెదికింది వజ్రం కాదు. పాత లాప్‌టాప్‌లో నుంచి దుబాయ్‌కి, ముఖం చూసుకుంటూ మాట్లాడే దారి!

“ఇదేం పెద్ద పని? వాట్సాప్ ఉండనే ఉంది కదా!” అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. ఇంటర్ దాకా చదివి, పొయ్యి దగ్గరే ఇరవై ఏళ్లు గడిపిన దాన్ని నేను. నాకే ఇంత సంగతి తెలిసిందంటే మీకు తెలియడం కష్టమేమీ కాదు. గల్ఫ్‌లో బిడ్డలున్న తల్లులు మన సీమలో ఎంతోమంది. వాళ్లలో ఒక్కరికైనా పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

అత్త పట్టిన పట్టు

మా పెద్దవాడు దుబాయ్ వెళ్లి రెండేళ్లయింది. వారానికి ఒకసారి ఫోన్ చేస్తాడు. “బాగున్నాను, తిన్నాను, పని బాగుంది” ... ఎప్పుడూ ఈ మూడు మాటలే. మాకు అంతే చాలు. కానీ మా అత్తకు చాలదు. ఎనభై దాటిన మనిషి. చెవులు సరిగా వినబడవు. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. ఫోన్ తెర మీద మనిషి ఆమెకు బొట్టంత కనిపిస్తాడు.

“మాట ఎవురైనా మాట్లాడతారు. మొగం చూస్తే గదా తిన్నాడో పస్తున్నాడో తెలిసేది! పెద్దగా చూపియ్యండి నాకు” అని పట్టు పట్టింది.

నా చిన్నతనంలో మా పక్కింటామె భర్త కువైట్‌లో ఉండేవాడు. మాటలు క్యాసెట్‌లో నింపి, ఊరికి వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాడు. వీధి ఆడవాళ్లమంతా టేప్ రికార్డర్ చుట్టూ కూర్చుని వినేవాళ్లం. తర్వాత ఎస్టీడీ బూత్‌లు వచ్చాయి. మీటరు తిరుగుతుంటే గుండె దడదడ!

అంతకు ముందు కాలం సంగతి చెప్పనే అక్కర్లేదు. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1827 జూలై 6న కలరా సోకి మా పత్తికొండలోనే కన్నుమూశాడు. అంతటి దొర చనిపోయిన కబురైనా ఇంగ్లండు చేరాలంటే ఓడలో నెలల తరబడి పోవలసిందే! ఇప్పుడు అరచేతిలో ప్రపంచముంది. అయినా ఒక అవ్వకు మనవడి ముఖం చూపించలేమా అని నాకూ పట్టుదల వచ్చింది.

పాత లాప్‌టాప్‌కు కొత్త బతుకు

పెద్దవాడు డిగ్రీ చదివేటప్పుడు కొన్న లాప్‌టాప్ అటక మీద ఉంది. తెర పెద్దది. చిన్నవాడు దాన్ని దింపి తుడిచి చూసి, “అమ్మా, ఇందులో ఉండేది విండోస్ 10. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలుగా వచ్చే ఉచిత అప్‌డేట్లు ఆగిపోయినాయి. విండోస్ 11 వేద్దామంటే ఈ పాతదానికి ఎక్కదు” అన్నాడు. విండోస్ 11కు టీపీఎం అనే రక్షణ చిప్, కాస్త కొత్త ప్రాసెసర్ ఉండాలట.

“అయితే పాత ఇనుముకు వేసేద్దామా?” అన్నాను.

“వద్దమ్మా, లినక్స్ వేస్తా” అన్నాడు.

ఇదేదో కొత్త సబ్బు పేరు అనుకునేరు! విండోస్ ఎలాగో ఇదీ అలాగే, కంప్యూటర్‌ను నడిపించేది. ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో దీనికి పునాది వేశాడు. ఆ తర్వాత ప్రపంచమంతటా ఎందరో చేతులు కలిపి పెంచారు. మన చేతుల్లో ఉండే ఆండ్రాయిడ్ ఫోన్లకు లోపలి మూలం కూడా లినక్సే. ఒకే పిండితో దోసె, ఉతప్పం, పునుగులు వేసుకున్నట్టు దీన్లో రకాలున్నాయి. ఉబుంటు ఒకటి, మింట్ ఒకటి. తెలుగులో కనిపించే లినక్స్ కోసం మన హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవాళ్లు కృషి చేశారు. మా చిన్నవాడు వేసింది మింట్. ఖర్చు సున్నా. పదేళ్ల నాటి లాప్‌టాప్ లేగదూడలా గంతులేసింది!

ఏది దొరికింది, ఏది దొరకలేదు

ఇక అసలు కథ. మాకు ముందు గుర్తొచ్చింది స్కైప్. 2003లో మొదలై, ఇంటర్నెట్‌లో మాట్లాడుకోవడం లోకానికి అలవాటు చేసింది అదే. 2011లో మైక్రోసాఫ్ట్ కొన్నది. కానీ 2025 మే 5న దాన్ని మూసేశారు. కాబట్టి “స్కైప్ వేసుకోండి” అని ఎవరైనా పాత సలహా ఇస్తే నమ్మకండి. ఆ పేరుతో ఏదైనా దొరికినా ముట్టుకోకండి.

తర్వాత వాట్సాప్. ఆ సంస్థవాళ్లు విండోస్‌కు, మ్యాక్‌కు అప్లికేషన్ ఇచ్చారు గానీ లినక్స్‌కు విడిగా ఇవ్వలేదు. అది అటుంచండి. అసలు చిక్కు ఇంకోటుంది. దుబాయ్ ఉండే ఎమిరేట్స్ దేశంలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి, ఫొటోలు పోతాయి, రికార్డు చేసిన మాటలూ పోతాయి. కానీ వాట్సాప్ కాల్స్‌కు అక్కడ అనుమతి లేదు. తప్పు మన ఫోన్‌దీ కాదు, సిగ్నల్‌దీ కాదు. అక్కడి నియమం అది. మావాడు ఇన్నాళ్లూ మామూలు ఫోన్ కాలే ఎందుకు చేసేవాడో నాకు అప్పుడు తెలిసింది!

“విపిఎన్ పెట్టుకుంటే కలుస్తుంది” అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది దొడ్డిదారి. చట్టం ఒప్పుకోని పనికి విపిఎన్ వాడితే అక్కడ జరిమానా మన ఇల్లూ పొలమూ అమ్మినా తీరనంత ఉంటుంది. పొట్టకూటికి పోయిన బిడ్డను కేసుల్లో ఇరికించే పని ఏ తల్లీ చెప్పకూడదు.

మరి ఏది మిగిలింది? అక్కడి ప్రభుత్వం అనుమతించిన వాటిలో బోటిమ్, జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్, గూగుల్ మీట్ ఉన్నాయి. బోటిమ్ గల్ఫ్‌లో ఉండేవాళ్ల ఫోన్లలో ఎక్కువగా కనిపిస్తుంది. జూమ్‌కు లినక్స్ రకం ఉంది, కానీ ఉచితంగా అయితే 40 నిమిషాలకు ఆగిపోతుంది. మా అత్త పలకరింపులకే 40 నిమిషాలు కావాలి! గూగుల్ మీట్‌కు ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు. ఫైర్‌ఫాక్స్‌లోనో క్రోమ్‌లోనో తెరిస్తే చాలు. ఇద్దరే మాట్లాడుకుంటే 24 గంటల దాకా ఉచితం. ముగ్గురూ అంతకు మించీ చేరితే గంట. మాకు ఇదే కుదిరింది.

బొట్టుబిళ్ల చేసిన పని

ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాము. మనకంటే దుబాయ్ గడియారం గంటన్నర వెనక. మనకు రాత్రి తొమ్మిదైతే వాళ్లకు ఏడున్నర. అత్త సాయంత్రమే తల దువ్వించుకుని, ఉతికిన చీర కట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది.

మావాడు కలిశాడు. మాట వస్తోంది. అతని బొమ్మా వస్తోంది. కానీ మా వైపు నుంచి చీకటి! చిన్నవాడు సెట్టింగులన్నీ తిప్పాడు. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేశాడు. అరగంట గడిచింది. “లినక్స్‌కు కెమెరా పడలేదేమో” అని దిగులుగా కూర్చున్నాడు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. కెమెరాలోంచి ఎవరైనా చూస్తారని ఎక్కడో విని, ఎప్పుడో దాని మీద నా బొట్టుబిళ్ల అంటించి పెట్టాను! గోటితో గీరగానే అత్త ముఖం తెర మీద వెలిగింది. నవ్వలేక చచ్చాము.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మావాడు టీ తాగుతూ మాట్లాడుతున్నాడు. నేను వాడి మాటలు వింటున్నాను. చెవులు వినబడని అత్త చూపు మాత్రం తెర మీదే ఉంది.

“ఏంరా నాయనా, ఎడమచేత్తో తాగుతాండావు? కుడిచెయ్యి యాడ పెట్టుకున్నావు?” అంది ఉన్నట్టుండి.

వాడు “ఏం లేదవ్వా” అన్నాడు. “సూపియ్యి” అంది. వాడు తటపటాయించి చెయ్యి పైకెత్తాడు. మణికట్టు దాకా కట్టు! వంట చేసుకుంటుంటే కాగిన నూనె పడి పది రోజులైందట. మేము దిగులు పడతామని చెప్పలేదట. ఆ పది రోజుల్లో రెండుసార్లు నాతో ఫోన్‌లో మాట్లాడి, రెండుసార్లూ “బాగున్నాను” అనే చెప్పాడు. కన్నతల్లిని, నాకు తెలియలేదు. కళ్లు మసకబారిన అవ్వకు తెలిసింది.

ఆ రాత్రి చాలాసేపు మాట్లాడుకున్నాము. మళ్లీ డాక్టరుకు చూపించుకుంటానని మాటిచ్చాడు. మరుసటి వారం కట్టు విప్పి చూపించాడు. అత్త దిష్టి తీసినట్టు తెర ముందు చెయ్యి తిప్పి మెటికలు విరిచింది.

మీరూ ఇలా చేసి చూడండి

1. బ్రౌజర్‌లో జీమెయిల్ ఖాతాతో లోపలికి వెళ్లి, గూగుల్ మీట్ తెరిచి, కొత్త మీటింగ్ నొక్కండి. ఒక లింకు వస్తుంది. దాన్ని బిడ్డకు వాట్సాప్ మెసేజ్‌లో పంపండి. వాళ్లు ఫోన్‌లోనే తెరవచ్చు.

2. కెమెరా, మైకు వాడుకోవచ్చా అని బ్రౌజర్ అడుగుతుంది. సరే అనండి. పొరపాటున వద్దని నొక్కితే, పైన అడ్రసు పక్కన ఉండే గుర్తు మీద నొక్కి మళ్లీ అనుమతి ఇవ్వచ్చు.

3. మాట వినబడకపోతే సౌండ్ సెట్టింగుల్లో మాట బయటికి వచ్చేది ఏది, మైకు ఏది అని చూడండి. పాత లాప్‌టాప్‌లకు వైరున్న ఇయర్‌ఫోన్ నమ్మకమైనది.

4. ఒకే గదిలో ఫోన్, లాప్‌టాప్ రెండూ అదే కాల్‌లో ఉంటే కీచుమని గోల వస్తుంది. ఒకదాని శబ్దం, మైకు ఆపేయండి.

5. నెట్ నెమ్మదిగా ఉంటే ముందు తనివితీరా ముఖం చూసుకుని, తర్వాత కెమెరా ఆపి మాట్లాడుకోండి. డేటా కూడా మిగులుతుంది.

6. పిల్లలు వేరే దేశాల్లో ఉంటే సిగ్నల్, టెలిగ్రామ్ కూడా చూడవచ్చు. రెండింటికీ లినక్స్ రకాలున్నాయి. ముందుగా ఆ దేశంలో ఏవి అనుమతిస్తారో బిడ్డనే అడగండి.

7. తెలియనివాళ్లు పంపిన లింకు తెరవకండి. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బడిగితే నమ్మకండి. ‘డిజిటల్ అరెస్ట్’ అనేది మన చట్టంలోనే లేదు. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

8. ముఖ్యంగా... కెమెరా మీద బొట్టుబిళ్ల ఉందేమో చూసుకోండి!

ఇప్పుడు ప్రతి ఆదివారం రాత్రి మా ఇంట్లో పండగే. జొన్నరొట్టెలు పెందలాడే చేసి పెట్టేసి లాప్‌టాప్ ముందు చేరతాము. అత్త ముందుగా అడిగే మాట ఒక్కటే. “రెండు చేతులూ సూపియ్యి నాయనా!”

వాడు నవ్వుతూ రెండు చేతులూ ఎత్తి చూపిస్తాడు. అప్పుడే మాకు అన్నం సయిస్తుంది.

మీ అటక మీద కూడా ఒక పాత లాప్‌టాప్ ఉందేమో... ఒకసారి దింపి చూడండి.