‘ప్యూర్’ అనే ఆంగ్లపదం – అర్థాలు, ప్రయోగాలు, అనువాద సమస్యలు

తెనాలికి దక్షిణంగా, కృష్ణా డెల్టా మాగాణి నడుమ, అమృతలూరు అనే గ్రామం ఉంది. 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండి ఆ తరువాత బాపట్ల జిల్లాలో చేరిన ఊరు అది. సంస్కృత విద్యకు పేరుపొందిన గ్రామం. చుట్టూ వరిచేలు. ఆ ఊరి రైతు ‘మడి’ అన్నాడంటే అది నారు పోసే నేల, నాట్లు వేసే నేల. అదే ఊళ్ళో ఆచారం పాటించే పెద్దావిడ ‘మడి’ అన్నదంటే స్నానం చేసి, విడిగా ఆరవేసిన బట్ట కట్టుకుని, వంట ముగిసేదాకా ఎవరినీ ముట్టకుండా ఉండటం. మాట ఒకటే అయినా ఎవరూ పొరబడరు. సందర్భమే అర్థం చెబుతుంది.

ఈ రెండో మడిని ఆంగ్లంలో చెప్పవలసివస్తే ‘ప్యూరిటీ’ అంటారు. పాలు, బంగారం, నీరు, శీలం, భాష, ఆరాధన – వీటన్నిటికీ ఆంగ్లంలో ‘ప్యూర్’ అన్న ఒక్క విశేషణం సరిపోతుంది. ఆంగ్లం చదివేవారికి ఇందులో ఇబ్బంది లేదు. కాని ఇస్లామీయ గ్రంథాలను ఆంగ్లం మీదుగా తెలుగు చేసేవారికి మాత్రం ఇది పెద్ద చిక్కు. ‘ప్యూర్’ కనబడిన ప్రతిచోటా ‘పవిత్రం’ అని రాసుకుంటూ పోతే, అరబీలో వేరువేరుగా ఉన్న భావాలన్నీ తెలుగులో ఒకే ముద్దగా మారిపోతాయి. అంతకంటే ప్రమాదం మరొకటి ఉంది. కొన్నిచోట్ల మూలంలో లేని అంటుముట్టు అనువాదంలోకి వచ్చి చేరుతుంది. కనుక ఈ పదాన్ని కొంత వివరంగా పరిశీలించడం అవసరం.

మాట పుట్టుక

‘ప్యూర్’ లాటిన్‌లోని ‘పూరుస్’ నుండి ఫ్రెంచి ద్వారా ఆంగ్లంలోకి వచ్చింది. అంతకు ముందు ఆంగ్లేయులకు ‘క్లీన్’ అనే సొంతమాట ఉండేది. ఆ రోజుల్లో దానికి ఒంటి శుభ్రత, మనసు నిర్మలత్వం రెండూ అర్థాలే. ఫ్రెంచి నుండి ‘ప్యూర్’ వచ్చాక ఉన్నతార్థాలు చాలావరకు దానికి పోయి, ‘క్లీన్’కు ముఖ్యంగా కడగడం, తుడవడం మిగిలాయి.

తెలుగు పాఠకులు గమనించదగిన విశేషం ఒకటి ఉంది. లాటిన్ ‘పూరుస్’, సంస్కృతంలోని ‘పూ’ ధాతువు ఒకే మూలం నుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. పావనం, పవిత్రం అనే మాటలు ఆ ధాతువు నుండి వచ్చినవే. వేదకాలంలో ‘పవిత్రం’ అంటే సోమరసాన్ని వడగట్టే జల్లెడ. నేటికీ వైదిక కర్మల్లో వేలికి తొడిగే దర్భ ఉంగరాన్ని ‘పవిత్రం’ అనే అంటారు. అంటే ‘ప్యూర్’కు ‘పవిత్రం’ దూరపు బంధువే. అయితే బంధుత్వం ఉన్నంత మాత్రాన ఇద్దరూ ఒకే పని చేస్తారని అనుకోరాదు.

ఆంగ్లంలో వాడుకలు

ఆంగ్లంలో ఈ పదానికి ముఖ్యంగా నాలుగు వాడుకలు కలవు.

మొదటిది, కలపని వస్తువు. ప్యూర్ గోల్డ్ అంటే మేలిమి బంగారం. ప్యూర్ మిల్క్ అంటే నీళ్ళు కలపని పాలు. ఇక్కడ తెలుగులో పవిత్రం అంటే నవ్వుతారు. మేలిమి, అచ్చమైన, కల్తీలేని అన్నవే సరైన మాటలు. భాషకు కూడ ఈ అర్థం వర్తిస్తుంది. సంస్కృత పదాలు కలపకుండా రాసిన తెలుగును ‘అచ్చ తెలుగు’ అన్నారు. అచ్చ తెలుగులో తొలి కావ్యంగా పేరొందిన యయాతి చరిత్రను పొన్నికంటి తెలగన 16వ శతాబ్దిలో రచించి, గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా కొలువులోని అమీన్ ఖాన్‌కు అంకితమిచ్చాడు. కల్తీలేని తెలుగుకు ఆదరణ ఒక ముస్లిం ప్రభువు వద్ద లభించడం చరిత్రలో చెప్పుకోదగిన విషయం.

రెండవది, మురికి లేనిది. ప్యూర్ వాటర్, ప్యూర్ ఎయిర్ అన్నప్పుడు తెలుగులో స్వచ్ఛం, నిర్మలం అంటాం.

మూడవది, నడవడికి సంబంధించినది. థామస్ హార్డీ 1891లో వెలువరించిన ‘టెస్’ నవల ఉపశీర్షికలో కథానాయికను ‘ప్యూర్’ స్త్రీ అని పేర్కొన్నాడు. ఆమె జీవితంలో జరిగినవాటిని బట్టి ఆమె ప్యూర్ కాదని ఆనాటి విమర్శకులు కొందరు ఆక్షేపించారు. హార్డీ చూసింది ఆమె మనసును, ఆక్షేపించినవారు చూసింది ఆమె దేహానికి జరిగినదానిని. ఒక్క మాటలోని రెండర్థాల మధ్య వచ్చిన తగాదా ఇది.

నాలుగవది, కేవలం అనే అర్థం. ప్యూర్ నాన్సెన్స్ అంటే ఉత్త అర్థంలేని మాట. ఈ వాడుక తెలుగుకు కొత్త కాదు. శుద్ధ అబద్ధం, శుద్ధ మొద్దు అంటున్నాం కదా. అబద్ధంలో శుద్ధి ఏముంది? అందులో నిజం రవ్వంత కూడ కలవలేదని భావం.

ఇంకొక విచిత్రమైన వాడుక ఉంది. 19వ శతాబ్దిలో లండన్ వీధుల్లో కుక్కల మలం ఏరి తోళ్ళ పరిశ్రమలకు అమ్ముకుని బ్రతికే పేదలు ఉండేవారు. తోళ్ళను శుభ్రపరచడానికి పనికివచ్చేది కనుక ఆ సరుకును ‘ప్యూర్’ అనే పిలిచేవారని హెన్రీ మేహ్యూ 1851 ప్రాంతంలో రాసిన లండన్ శ్రామికుల గ్రంథంలో నమోదు చేశాడు. శుభ్రపరిచే గుణం ఉన్నందున పరమ మలినమైన వస్తువుకే ఆ పేరు దక్కింది. తాను శుద్ధంగా ఉండటం వేరు, ఇతర వస్తువును శుద్ధి చేయడం వేరు అనడానికి ఇంతకన్న తార్కాణం అక్కరలేదు.

అరబీలో ఎన్ని మాటలు?

ఈ తేడాను అరబీ భాష మొదటినుండి పాటించింది. తాను శుద్ధమైనది ‘తాహిర్’. తాను శుద్ధమై ఇతరులను కూడ శుద్ధి చేసేది ‘తహూర్’ అని పలువురు ధర్మవేత్తల వివరణ. ఆకాశం నుండి కురిసే నీటిని దివ్య ఖుర్ఆన్ 25వ సూరా 48వ ఆయత్‌లో ‘తహూర్’ అన్నది. అబ్దుల్లా యూసుఫ్ అలీ దీన్ని శుద్ధమైన నీరనీ, పిక్తాల్ శుద్ధిచేసే నీరనీ ఆంగ్లంలో పెట్టారు. ఈ పిక్తాల్ మన ప్రాంతానికి పరిచితుడే. 1925లో హైదరాబాదు వచ్చి, నిజాం ప్రభుత్వ కొలువులో పనిచేస్తూ, ‘ఇస్లామిక్ కల్చర్’ త్రైమాసికకు సంపాదకత్వం వహిస్తూ ఆయన చేసిన అనువాదం 1930లో వెలువడింది.

ఇక కల్తీ లేనిదానికి అరబీలో ‘ఖాలిస్’ అనే మాట ఉంది. 16వ సూరా 66వ ఆయత్‌లో పశువుల కడుపులో పేడకూ నెత్తురుకూ మధ్యనుండి వచ్చే పాలను ఖాలిస్ అన్నారు. దీనినుండే ‘ఇఖ్లాస్’ వచ్చింది. అంటే మనసులో మరొక ఉద్దేశం కలపకుండా దైవం కోసమే చేయడం. 112వ సూరాకు ఈ పేరే ప్రసిద్ధం. యూసుఫ్ అలీ దాన్ని విశ్వాసపు ‘ప్యూరిటీ’ అన్నారు. ఆ ప్యూరిటీని తెలుగులో ‘పవిత్రత’ అంటే భావం జారిపోతుంది. పాలలో నీరు కలవనట్లు భక్తిలో ఇతరం కలవకపోవడం ఇక్కడి ఆశయం. ‘చిత్తశుద్ధి’ అన్న తెలుగు వాడుక దీనికి ఎంతో దగ్గర.

మూడవది ‘జకా’ అనే ధాతువు. జకాత్, తజ్కియా దాని సంతానం. దీనిలో శుద్ధి, పెరుగుదల రెండూ ఉన్నాయి. 9వ సూరా 103వ ఆయత్‌లో దానధర్మాల ఫలితాన్ని చెబుతూ ‘తహారత్’ ధాతువునూ, ‘జకా’ ధాతువునూ పక్కపక్కనే వాడటం జరిగింది. రెండవదానికి యూసుఫ్ అలీ పావనం చేయడమనే అర్థమిస్తే, పిక్తాల్ పెంపొందించడమనే అర్థమిచ్చారు. ఇద్దరూ చెరొక సగం పట్టుకున్నారు. డెల్టా రైతుకు ఈ రెండర్థాల కలయిక వేరే చెప్పనక్కరలేదు. కలుపు తీసిన మడిలోనే పైరు దుబ్బు కడుతుంది.

శుభ్రత, శుద్ధి ఒకటేనా?

వరద రోజుల్లో డెల్టా కాలువల్లో నీరు మట్టితో బురద రంగుకు తిరిగి ఉంటుంది. ఆంగ్లంలో దాన్ని ఎవరూ ‘ప్యూర్’ అనరు. తాగడానికీ పనికిరాదు. కాని వుజూకు పనికివస్తుంది. పారే నీటిలో మట్టి కలిసినంత మాత్రాన దాని శుద్ధత పోదు. మరొకవైపు గులాబీనీరు చూడండి. ఘుమఘుమలాడుతుంది, తళతళలాడుతుంది. అయినా హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం దానితో వుజూ చెల్లదు. అది తాహిరే, కాని శుద్ధి చేసే నీరు కాదు. గ్లాసెడు నీటిలో మూత్రపు బొట్టు పడితే కంటికి తేడా తెలియకపోవచ్చు. అయినా ఆ నీరు నజిస్ అయినట్లే. ఇక నీరు దొరకనప్పుడు శుభ్రమైన మట్టితోనే తయమ్ముమ్ చేసుకోవచ్చు.

కనుక తహారత్‌ను కేవలం పరిశుభ్రతగా వివరించడం సగం నిజమే. శుభ్రత అందులో భాగం. కాని తహారత్ అంటే ముఖ్యంగా ఆరాధనకు అర్హమైన స్థితి. ఈ మాటను విడమరచి ‘నమాజుకు తగిన శుద్ధి’ అని రాయడంలో తప్పులేదు.

అంటు, ముట్టు, మైల

అసలు సమస్య శుద్ధికి వ్యతిరేక పదాలతో వస్తుంది. తెలుగులో అశుద్ధాన్ని చెప్పే మాటలు కొన్ని స్పర్శ నుండి పుట్టినవి. అంటుకునేది అంటు. ముట్టుకుంటే వచ్చేది ముట్టు. ఈ మాటల వెనుక, ఒకరి నుండి ఒకరికి తాకిడితో పాకే దోషం అనే ఊహ ఉంది. ఆ ఊహ మీదనే కొందరు మనుషులను ఊరికి వెలుపల ఉంచారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. చట్టం రద్దు చేసినా మాటల్లో ఆ వాసన మిగిలే ఉంది.

2వ సూరా 222వ ఆయత్‌లో స్త్రీల నెలసరిని ‘అజా’ అన్నారు. బాధ, ఇబ్బంది అని దాని అర్థం. పిక్తాల్ దీన్ని అస్వస్థత అనే అర్థంలో తీసుకున్నారు. యూసుఫ్ అలీ బాధ అంటూనే, మాలిన్యం అనే అర్థమిచ్చే మరొక మాట చేర్చారు. ఆ రెండవ మాటను పట్టుకుని తెలుగులో ‘మైల’ అని రాస్తే పల్లెటూరి పాఠకురాలు ఏమనుకుంటుంది? గడప బయట కూర్చోవాలని, పాత్రలు ముట్టరాదని, తాను తాకిన మనిషి స్నానం చేయాలని అనుకుంటుంది. మూలంలో ఇవేవీ లేవు. ఆ రోజుల్లో దాంపత్య సంబంధానికి దూరంగా ఉండమన్నదే అక్కడి ఆదేశం. హదీసులు ఈ విషయాన్ని ఇంకా స్పష్టం చేస్తాయి. హజ్రత్ ఆయిషా (రజి) నెలసరిలో ఉండగా దైవప్రవక్త (స) ఆమె ఒడిలో తల ఆనించి ఖుర్ఆన్ పఠించేవారు. ఆమె పెదవి ఆనించిన చోటనే తన పెదవి ఆనించి పాత్రలోని నీరు తాగేవారు. మసీదు నుండి చాప అందించమన్నప్పుడు ఆమె తన స్థితి చెప్పి సంకోచించగా, అది నీ చేతిలో లేదు కదా అన్న భావంతో సమాధానమిచ్చారు.

పురుషుల విషయంలోనూ ఇంతే. స్నానం విధి అయిన స్థితిలో ఉన్న హజ్రత్ అబూ హురైరా (రజి) మదీనా వీధిలో ప్రవక్త (స)ను చూసి చాటుగా తప్పుకుని, స్నానం చేసి వచ్చారు. కారణం తెలుసుకుని ప్రవక్త (స) ఆశ్చర్యపోయారు, విశ్వాసి నజిస్ కాడని బోధించారు.

ఇక 9వ సూరా 28వ ఆయత్. బహుదైవారాధకుల విషయంలో అక్కడ ‘నజస్’ అనే మాట వచ్చింది. ఇది శరీరానికి కూడ వర్తిస్తుందని, ముఖ్యంగా షియా ధర్మవేత్తలలో పలువురు అభిప్రాయపడ్డారు. సున్నీ ధర్మశాస్త్రంలో ప్రధానాభిప్రాయం వేరు. అక్కడ చెప్పింది విశ్వాసానికి సంబంధించిన మాలిన్యమే గాని మనిషి దేహం నజిస్ కాదని వారంటారు. సుమామా అనే ఖైదీని ఇంకా ఇస్లాం స్వీకరించకముందే ప్రవక్త (స) మసీదు స్తంభానికి కట్టి ఉంచడం, గ్రంథ ప్రజల ఆహారం ధర్మసమ్మతమని 5వ సూరా 5వ ఆయత్ చెప్పడం వారు చూపే ఆధారాలలోనివి. ఇటువంటిచోట అనువాదకుడు ‘అంటు’ అనో ‘మైలవారు’ అనో రాశాడంటే, పొరుగువాడితో కలిసి అన్నం తినే పాఠకుని మనసులో లేని గోడ కట్టినవాడవుతాడు. ‘విశ్వాసపరంగా మలినం’ అని విడమరిచి రాయడం న్యాయం.

తెలుగులో ఇప్పటికే స్థిరపడిన మాటలు

ఈ శ్రమ ముస్లిం అనువాదకులకే పరిమితం కాదు. ‘హోలీ స్పిరిట్’ను తెలుగు ప్రొటెస్టెంట్లు పరిశుద్ధాత్మ అంటే, కథోలికులు పవిత్రాత్మ అంటారు. ‘ఆంధ్ర భాషా చరిత్రము’ రచించిన చిలుకూరి నారాయణరావు గారు గత శతాబ్ది తొలి భాగంలోనే ఖుర్ఆన్‌ను తెలుగు చేశారు. అనువాదకుడు భాషాచరిత్ర ఎరిగిన పండితుడు కావడం తెలుగు పాఠకుల అదృష్టం. కాని ఏ పండితుడు చేసినా, మాటకు మాట పెట్టడంతో పని పూర్తి కాదు.

కనుక ‘ప్యూర్’ ఎదురైనప్పుడు అనువాదకుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: దేని నుండి ప్యూర్? కల్తీ నుండి అయితే ‘ఖాలిస్’, తెలుగులో అచ్చమైనది. మురికి నుండి అయితే స్వచ్ఛం. ఆరాధనకు అడ్డమైన స్థితి నుండి అయితే తహారత్, దానికి శుద్ధి. లోభం వంటి మనోమాలిన్యం నుండి అయితే తజ్కియా, దానికి ఆత్మశుద్ధి. సకల లోపాల నుండి అయితే అది దైవనామమైన ‘ఖుద్దూస్’, దానికే పరిశుద్ధుడన్న మాటను అట్టిపెట్టాలి. మైల, అంటు, ముట్టు అనే మాటలను మాత్రం ఎంత సులువుగా కలానికి అందినా పక్కన పెట్టడం మంచిది.

ఆంగ్ల ప్రతి ఎంత మేలైనదైనా అరబీ మూలాన్ని ఒకసారి తెరిచి చూసుకోవాలి. ఆ తరువాత రాసిన వాక్యాన్ని అమృతలూరు వంటి పల్లెలో ఒక గృహిణికి చదివి వినిపించాలి. అది విని ఆమె గడప బయటకు జరిగి కూర్చుంటే, ఆ వాక్యాన్ని కొట్టివేసి మళ్ళీ రాయాలి.